తాతల కాలంలో ఎవరూ ఆకలితో పడుకోలేదా? పాత రాయలసీమ ఊళ్లో కళ్లం దగ్గర ఎవరికెంత దక్కేది



ఈ మధ్య నా ఫీడ్ నిండా ఒకే టైపు రీల్స్ వస్తున్నాయి. ఏఐతో చేసిన మట్టి మిద్దె, ముందర ముగ్గు, పక్కన జత ఎద్దులు, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్. కింద క్యాప్షన్ ఏంటంటే, "అప్పట్లో డబ్బు లేదు, కానీ ఎవరూ ఆకలితో పడుకోలేదు." లక్షల్లో లైకులు. ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేసేటప్పుడు అలాంటివి నేనూ చాలా చూశాను. చూస్తే హాయిగానే ఉంటుంది, కాదనను.

కానీ ఆ ఒక్క లైన్ చెక్ చేయొచ్చు కదా? ఎవరూ ఆకలితో పడుకోలేదు అనేది ఫీలింగ్ కాదు, అది ఒక క్లెయిమ్. క్లెయిమ్ అన్నాక డేటా ఉండాలి. అదృష్టం కొద్దీ, మన వైపు పల్లెల గురించి 1800ల నాటి రికార్డులు బాగానే మిగిలాయి. శిస్తు వసూలు చేసేవాడికి లెక్కలు కావాలి కదా, రాసుకున్నాడు. ఆ లెక్కల్లోంచే ఈరోజు ఒక ఊరు చూద్దాం.

ఏ ఊరు? అప్పటి బళ్లారి జిల్లాలో ఒక మామూలు వ్యవసాయం ఊరు. అప్పటి బళ్లారి అంటే ఇవాళ్టి బళ్లారి ఒక్కటే కాదు. మన అనంతపురం కూడా అందులోనే ఉండేది, 1882లో గానీ అనంతపురం విడి జిల్లా కాలేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. సో నేను రాయలసీమ అన్నప్పుడల్లా, అప్పటివాళ్లకి ఆ పేరు తెలియదని గుర్తుపెట్టుకోండి.

సరే, ఊళ్లోకి వెళ్దాం. టైం సుమారు 1820లు.

మొదట కనిపించేది బురుజు. ఊరి చుట్టూ మట్టి గోడ, మూలన బురుజు. రీల్‌లో ఇది చూపించరు, ఎందుకంటే బురుజు అంటే భయం. పాలెగాళ్ల గొడవలు, దోపిడీ దండులు, వాటిని చూసిన తరం ఇంకా బతికే ఉంది. అందుకే ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మట్టి గోడలు, పైన చదునుగా మిద్దె, మిద్దె మీద వాన నీళ్లు దిగకుండా చౌడు మన్ను. ఇంట్లోకి అడుగుపెడితే ముందు పశువులే. గాడి దగ్గర ఎద్దులు, లోపలివైపు మనుషులు. ఎద్దు పోతే కుటుంబం పోయినట్టే, మరి దాన్ని బయట ఎలా కడతారు?

తెల్లవారక ముందే విసుర్రాయి శబ్దం మొదలవుతుంది. ఇంట్లో పిండి డబ్బా అనేది ఉండదు, ఏ రోజు పిండి ఆ రోజు విసరాల్సిందే. జొన్నలు, రాగులు, కొర్రలు, సజ్జలు. వరి అన్నం అంటే పండగ, లేదంటే పెళ్లి. ఇవాళ మనం మిల్లెట్స్ అని ప్యాకెట్‌కి ఎక్కువ డబ్బులిచ్చి కొంటున్నవే వాళ్ల రోజువారీ తిండి. విసరడం, దంచడం, నీళ్లు మోయడం, పిడకలు కొట్టడం, రాట్నం వడకడం, ఇవన్నీ ఆడవాళ్ల పనులే. పొలం పని దీనికి ఎక్స్‌ట్రా.

ఎక్స్‌ట్రా అంటే చిన్న పని అనుకోకండి. విత్తనం వేసే గొర్రు చూశారా ఎప్పుడైనా? నాగలి లాగే ఎద్దులు లాగుతాయి, కానీ కింద నాలుగైదు పళ్లు ఉంటాయి. పైన జడ్డిగం అని చిన్న గిన్నె లాంటిది, దాన్నుంచి గొట్టాలు కిందికి దిగుతాయి. మగవాడు ఎద్దుల్ని తోలుతాడు. పక్కన ఆడమనిషి నడుస్తూ, గుప్పిట్లోంచి గింజల్ని సమానంగా జడ్డిగంలోకి వదులుతూ పోవాలి. ఎక్కువ వదిలితే విత్తనం దండగ, తక్కువ వదిలితే చేనంతా ఖాళీలు. ఆ సంవత్సరం ఇంటి తిండి ఆ వేళ్ల స్పీడ్ మీద ఆధారపడి ఉంటుంది. కానీ పట్టా ఎవరి పేరు మీద ఉంటుంది అంటే, ఎద్దుల్ని తోలినాయన పేరు మీద.

పిల్లలు ఏం చేసేవాళ్లు? చాలామంది మేకల వెనకో, పశువుల వెనకో. కొద్దిమంది వీధి బడికి. ఈ బడి గురించి మన దగ్గర చాలా మంచి రికార్డు ఉంది, ఇక్కడ కాస్త ఆగుదాం.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రతి కలెక్టర్‌నీ ఒకటే అడిగాడు. మీ జిల్లాలో ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, ఏ కులం, లెక్క పంపండి అని. బళ్లారి కలెక్టర్ ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. 533 బడులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పర్షియన్ 21, తమిళం 4. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి.

పిల్లలు 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు 60.

ఆరువేల చిల్లరలో అరవై! ఆ అరవైలో బ్రాహ్మణుల పిల్లలు ఇద్దరు, వైశ్యులు ఒకరు, మిగతా 57 మందీ శూద్ర, ఇతర కులాల ఇళ్లవాళ్లు. అబ్బాయిల్లో కూడా చూడండి. హిందూ అబ్బాయిల్లో బ్రాహ్మణులు 1,185 అయితే శూద్రులు 2,998. అంటే పైకులం వాళ్లు తప్ప ఎవరూ చదవలేదు అనేవాళ్లకీ ఈ లెక్క నచ్చదు. అందరూ చదువుకునేవాళ్లు, ఇంగ్లీషోడొచ్చి పాడుచేశాడు అని వాట్సాప్‌లో పంపేవాళ్లకీ నచ్చదు. ఎందుకంటే జిల్లా జనాభా 9,27,857. అంటే వెయ్యిమందికి ఏడుగురు బడిలో ఉన్నారు. 1983లో ధరంపాల్ అనే ఆయన ఈ రిపోర్టులన్నీ కలిపి 'ది బ్యూటిఫుల్ ట్రీ' అని పుస్తకం వేశాడు. ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఎంతమంది ఆ టేబుల్స్ దాకా వెళ్లారో మరి.

బడి ఎలా నడిచేదో కూడా క్యాంప్‌బెల్ రాశాడు. ఐదేళ్లు రాగానే బియ్యంలో వేలు పట్టి రాయిస్తారు. మన అక్షరాభ్యాసమే, ఇప్పటికీ చేస్తున్నాం. తర్వాత ఇసకలో రాస్తారు. పొద్దున ఆరింటికే బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి అని రాస్తారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా. మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కోటి పెరుగుతూ పోతుంది. పదిహేనోవాడి సంగతి ఆలోచించండి! అల్లరి ఎక్కువైతే రెండు చేతులూ కట్టి పైకప్పుకి వేలాడదీయడం, లేదంటే గుంజీళ్లు. పద్యాలు బట్టీ పట్టిస్తున్నారు, అర్థం ఎవరికీ తెలియదు అని కూడా కంప్లైంట్ చేశాడు. ఈ పాయింట్‌లో రెండొందల ఏళ్లుగా మన సిలబస్ మారలేదు.

ఇంకో మాట కూడా రాశాడు, అది జోక్ కాదు. దేశం మెల్లమెల్లగా పేదదైపోతోంది, పిల్లల్ని బడికి పంపే స్తోమత తల్లిదండ్రులకి తగ్గుతోంది అని. రాసింది కంపెనీ కలెక్టరే. పేదరికం ఎందుకు పెరుగుతోందో అర్థం కావాలంటే కళ్లం దగ్గరికి పోవాలి.

కళ్లం అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. కోసిన పంటని తెచ్చి, నున్నగా అలికిన నేల మీద పరిచి, పశువులతో తొక్కించి, గాలికి తూర్పారబట్టే చోటు. అక్కడ గింజలు కుప్పగా రాశి పోస్తారు. ఇది ఫోటో బ్యాక్‌గ్రౌండ్ కాదు, ఊరి మొత్తానికి జీతాల రోజు.

ఎందుకంటే ఊళ్లో ఎవరికీ నెల జీతం లేదు. కమ్మరి నాగలి కర్రు సాన పడతాడు, వడ్రంగి గొర్రు చెక్కుతాడు, కుమ్మరి కుండలిస్తాడు, చాకలి బట్టలుతుకుతాడు, మంగలి గడ్డం గీస్తాడు. తలారి కాపలా, నీరుగంటి చెరువు తూము చూసుకుంటాడు, పురోహితుడు పంచాంగం చెప్తాడు, కరణం లెక్కలు రాస్తాడు. పని చేసిన రోజు ఎవడూ డబ్బు ఇవ్వడు. ఏడాది పొడుగునా చేస్తారు, కళ్లం రోజున తలా ఇంత గింజలు కొలిచి ఇస్తారు. దాన్ని మేర అంటారు. తీసుకునేవాళ్లు ఆయగాళ్లు. కొంతమందికి శిస్తు లేని మాన్యం భూమి కూడా ఉండేది. సింపుల్‌గా చెప్పాలంటే ఇది ఊరంతా కలిసి తీసుకున్న యాన్యువల్ ప్లాన్. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకి వెళ్లిన ఫిఫ్త్ రిపోర్ట్‌లో ఈ లిస్టు ఉంది. రెడ్డి, కరణం దగ్గర మొదలుపెట్టి బడిపంతులు, వైద్యుడు, కవి, ఆటకత్తె దాకా. అవును, కవికీ వాటా ఉంది. ఇది విని నాకు కాస్త అసూయ కలిగింది.

కొలత ఎలా ఉండేదంటే, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కొలిచేటప్పుడు ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు. మీ అవ్వని అడగండి, చెప్తుంది.

ఇప్పుడు ఒక విషయం న్యాయంగా చెప్పాలి. ఈ మేర అనేది దానం కాదు, హక్కు. చాకలాయన చేయి చాచి అడుక్కోవడం లేదు, తన వాటా కొలిపించుకుంటున్నాడు. కాపుకి కోపం వచ్చిందని రేపటి నుంచి ఆయన్ని తీసేసి వేరేవాణ్ని పెట్టుకోవడం అంత తేలిక కాదు, ఆ పని ఆ ఇంటి మిరాసీ. ఒక రేటింగ్ తగ్గితే అకౌంట్ బ్లాక్ అయ్యే డెలివరీ బాయ్‌కి ఇవాళ ఈ హక్కు లేదు. కానీ రెండోవైపు కూడా చూడాలి. డెలివరీ బాయ్ ఆ యాప్ వదిలేసి ఇంకో పని చూసుకోవచ్చు. చాకలాయన కొడుకు చాకలే. ఆ కొడుకు కమ్మరి అవుతానంటే ఊరు ఒప్పుకోదు. వాటా గ్యారంటీ, తాళం కూడా గ్యారంటీ.

ఇంక రాశి దగ్గర లైన్ చివర ఎవరున్నారో చూద్దాం. పెద్ద కొలతలన్నీ అయిపోయాక, రాశి ఎత్తేశాక, నేల మీద దుమ్ముతో కలిసిపోయిన గింజలు మిగులుతాయి. కళ్లం అడుగు. అది ఊడ్చుకునేది మాల మాదిగ పల్లెల వాళ్లు. కోత అయిన చేలో రాలిన కంకులు, వాటిని పరిగె అంటాం, ఏరుకునేదీ పేద ఇళ్ల ఆడవాళ్లే. అదీ హక్కే అనుకోండి, ఆచారం ప్రకారం. కానీ ఒకరి హక్కు కుంచంతో కొలిస్తే, ఇంకొకరి హక్కు చీపురుతో ఊడ్చుకోవాల్సి వచ్చింది.

కపిలె బావి సంగతి చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కోస్తాలో, తెలంగాణలో మోట అంటారు. పెద్ద తోలు బొక్కెన, దానికి తాడు, ఎద్దులు ఏటవాలుగా కిందికి నడిస్తే బొక్కెన నీళ్లతో పైకి వస్తుంది. కరెంటు మోటారు రాకముందు సీమలో బావి కింద పైరంతా దీని మీదే. ఆ తోలు బొక్కెన కుట్టేది మాదిగలు. ఎద్దుల మెడకి పట్టీలు, కాపు కాలికి చెప్పులు, అన్నీ వాళ్ల చేతి పనే. వాళ్లు లేకపోతే చేనుకి చుక్క నీరు పారదు. అదే మనిషి ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కకూడదు. దూరంగా కుండ పెట్టుకుని, ఎవరైనా పోస్తారా అని నిలబడాలి. ఆయన కుట్టిన తోలు నీళ్లలో మునగొచ్చు, ఆయన చెయ్యి మాత్రం నీళ్లకి తగలకూడదు. ఈ పాయింట్‌కి కామెంట్లలో గొడవ అవుతుందని తెలుసు, అవ్వనీ.

సరే, అందరి వాటాలూ అయ్యాయి. కాపు ఇంటికి మిగిలింది ఎంత? ఇక్కడ ఇంకో పెద్ద వాటాదారు ఉన్నాడు, ఆయన కళ్లానికి రాడు. సర్కారు.

మన్రో ఇక్కడ 1800 నుంచి 1807 దాకా కలెక్టర్. రైత్వారీ పద్ధతి, అంటే జమీందారు లేకుండా సర్కారే ఒక్కో రైతుతో నేరుగా లెక్క చూసుకోవడం, దాన్ని ఇక్కడ నిలబెట్టింది ఆయనే. చేను చేనూ కొలిపించాడు. జనంలో ఆయనకి మంచి పేరుంది, పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. 1827 జూలైలో, గవర్నర్‌గా టూర్‌కి వచ్చి, పత్తికొండలో కలరాతో చనిపోయాడు కూడా. కలరా అప్పట్లో గవర్నర్ని కూడా వదల్లేదు, ఇంక ఊరివాళ్ల సంగతి ఊహించుకోండి.

కానీ ఇదే మన్రో 1807లో వేసిన లెక్క ఏంటంటే, శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతం అవుతోంది, 25 శాతం తగ్గిస్తే గానీ రైతు నిలబడడు అని. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. ఆయన 1820లో గవర్నర్ అయ్యాక గానీ అది తగ్గలేదు. ఇందాక క్యాంప్‌బెల్ రాసిన పేదరికం ఈ మధ్యలో వచ్చిందే.

పైగా శిస్తు గింజల్లో కాదు, రూపాయల్లో. కిస్తు టైం అయ్యేసరికి పంట అమ్ముడుపోదు. సో షావుకారు దగ్గరికి. పంట చేతికి రాకముందే సగం ఆయన పద్దులో రాసేసి ఉంటుంది. ఆ పద్దు చదవడం రైతుకి రాదు. ఇక్కడ వెయ్యికి ఏడుగురు అన్న అంకె మళ్లీ గుర్తు తెచ్చుకోండి. కరణం చేతిలో కవిలె కట్ట, షావుకారు చేతిలో కడితం, రైతు చేతిలో వేలిముద్ర.

కట్టకపోతే? దీనికి కూడా రికార్డుంది. పార్లమెంటులో గొడవయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ వేశారు, 1855లో రిపోర్టు ఇచ్చింది. శిస్తు వసూలుకి కింది ఉద్యోగులు ఏం చేసేవాళ్లో అందులో ఉంది. ఎండలో నిలబెట్టడం. తల కాళ్ల దాకా వంచి గుడ్డతో కట్టి, వీపు మీద రాయి పెట్టడం. కిట్టి అని ఒకటి, రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం. చేసింది తెల్లదొర కాదు, మనవాళ్లే. చేయించిన వ్యవస్థ మాత్రం పైనుంచి వచ్చింది. ఎవరిది తప్పు అని రెండు టీములుగా విడిపోయి కొట్టుకోకండి, ఆ వేళ్లు ఎవరివో చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆకలి.

మామూలు ఏడాదిలో ఈ ఊరు నడిచింది. ఒప్పుకోవాలి. ఒక ఏడాది వాన తప్పినా తట్టుకోవడానికి ఏర్పాటుంది, పేరు పాతర. భూమిలో లోతుగా గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేస్తారు. ఏళ్ల తరబడి నిలవుంటాయి. తెరవగానే లోపలికి దిగకూడదు, లోపలి గాలికి మనిషి చనిపోతాడు. కాసేపు వదిలేసి దిగాలి. ఎవరి పాతరలో ఎంతుందో ఊరికి తెలుసు. కరువులో పాతర తెరిచిన పెద్దమనుషులూ ఉన్నారు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోశాడు, విక్టోరియా రాణి పేరు మీద బంగారు పతకం కూడా వచ్చింది. ఆయన పాటలు సీమలో ఇప్పటికీ పాడతారు.

కానీ ఇంజనీర్ కళ్లతో ఈ ఊరి డిజైన్ చూడండి. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, కూలి, అందరి తిండీ ఒకే చోటు నుంచి వస్తోంది. ఆ కళ్లం నుంచే. మనం దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. వాన తప్పితే ఒక్క రైతు కాదు, ఊరంతా ఒకే రోజు డౌన్. అప్పుడు ఎవరి దగ్గర పాతర ఉందో వాళ్లు నిలబడతారు. కళ్లం అడుగు ఊడ్చుకునే మనిషికి పాతర ఎక్కడిది?

1876లో రెండు రుతుపవనాలూ తప్పాయి. ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అన్నారు. అప్పటికి రైలు వచ్చేసింది. 1871కే మద్రాసు నుంచి గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా లైన్ ఉంది. అంటే ధాన్యం రాలేదని కాదు. స్టేషన్లలో బస్తాలు దిగాయి. కానీ రేటు రెండు మూడింతలు, చేతిలో రూపాయి లేదు. ఏడాది ప్లాన్ మీద బతికే మనిషికి రూపాయి ఎక్కడ పుడుతుంది? కుండలు చేస్తే కొనేవాడు లేడు. సాలె మగ్గం ఆగిపోయింది, తిండికి లేనివాడు చీర కొనడు. రాట్నం వడికి నాలుగు డబ్బులు తెచ్చుకునే ఆడవాళ్ల ఆదాయాన్ని మిల్లు నూలు అప్పటికే మింగేసింది. పశువుల్ని తోలు ధరకి అమ్ముకున్నారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ వందేళ్ల తర్వాత దీనికి థియరీ రాశాడు. కరువులో మనుషులు చచ్చేది తిండి లేక మాత్రమే కాదు, ఉన్న తిండి మీద వాళ్లకి హక్కు పోవడం వల్ల అని. మన ఊళ్లో ఆ హక్కు పేరు మేర. పంట లేని ఏడాది మేర కూడా లేదు.

సర్కారు ఏం చేసింది? పనులు పెట్టింది, రోడ్లు, చెరువులు. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి ఎక్కువైందని తగ్గించాడు. రోజంతా రాళ్లు మోసిన మగమనిషికి ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు కొనేంత డబ్బు, పైన కాస్త చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. జైల్లో ఖైదీకి ఇంతకంటే ఎక్కువ పెడుతున్నాం అన్నాడు. కొన్ని నెలలకి కూలి మళ్లీ పెంచారు. ఆ నెలల్లో పోయినవాళ్లు పోయారు.

ఒక వివరం నన్ను చాలా రోజులు వదల్లేదు. గంజి కేంద్రాల దగ్గర కూడా, వండింది ఎవరో చూసి తాగనివాళ్లు ఉన్నారని ఆ కాలం రిపోర్టుల్లో ఉంది. ఆకలితో కాళ్లు తేలిపోతున్నా మంచినీళ్ల బావి గట్టు రూల్ మాత్రం వాళ్లతోపాటే నడిచి క్యాంపు దాకా వచ్చింది.

ఇక లెక్క. మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి జనగణన 1871లో, రెండోది 1881లో. మామూలుగా పదేళ్లలో జనం పెరగాలి. బళ్లారిలో సుమారు ఐదో వంతు తగ్గారు. కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు. అందరూ చనిపోయారని కాదు, కొందరు వలస పోయారు, పుట్టాల్సినవాళ్లు పుట్టలేదు. అయినా, మీ వీధిలో నాలుగిళ్లు లెక్కపెట్టి ఒకటి మూసేసి చూడండి.

నిండుగా ఇళ్లన్న ఊరినే రీల్‌లో చూపిస్తారు, నాలుగో ఇల్లు అందులో ఉండదు. బతికి బట్టకట్టినవాళ్ల మనవళ్లం మనం. కాబట్టి మన ఇళ్లలో కథలు కూడా పాతర ఉన్నవాళ్ల కథలే ఎక్కువ మిగిలాయి. కళ్లం ఊడ్చిన ఆమె కథ చెప్పడానికి ఆమె తర్వాత ఎవరైనా మిగిలారో లేదో కూడా చాలా ఊళ్లలో ఎవరూ రాయలేదు. కరణం శిస్తు కట్టేవాళ్ల పేర్లు రాశాడు, ఆమె శిస్తు కట్టేది కాదు కదా.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీకో చిన్న పని. మీ ఇంట్లో అటక మీద పాత కుంచమో మానికో ఉంటే దించండి. కడిగి, నీళ్లు పోసి, ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, ఊరి పేరుతో కామెంట్ పెట్టండి. ఊరికీ ఊరికీ కొలత తేడా ఉండేది, అదే కాపు తీసుకునే కుంచం, ఇచ్చే కుంచం వేరుగా ఉన్న ఇళ్లూ ఉన్నాయని పెద్దవాళ్లు చెప్తారు. మీ ఇంట్లో రెండు దొరికితే రెండూ కొలవండి, ఏది దేనికి వాడేవాళ్లో అవ్వని అడిగి రాయండి. వంద ఊళ్ల కొలతలు వస్తే షీట్‌లో వేసి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తాను.